గోలీ హొరేస్ పాపిడి

అమ్మకి, నేను కులాసాగానే ఉన్నాను, దెబ్బ తగిలింది నాకు కాదు.

పేపర్లో నా ఫొటో చూసి నాన్న పొంగిపోయి ఉంటాడు. అందులో నా కాళ్ల దగ్గర పడి ఉన్నది అవతలి ఫుట్‌బాల్ జట్టుకి గోలు కాసే గోలీ హొరేస్. జనం నన్ను గేలి చేసేసరికి కోపం తలకెక్కింది. ఆయన బంతి పట్టుకుని నిలబడి ఉండగానే భుజంతో గుద్ది, మనిషినీ బంతినీ కలిపి గోల్లోకి తోసేశాను. రూలు ఒప్పుకుంటుంది, గోలు ఇచ్చారు. ఆయన భుజం విరిగింది. బదులు మనిషిని దించకూడదు కదా, చేతికి కట్టు కట్టించుకుని చివరిదాకా మైదానం అంచున నిలబడ్డాడు.

ఆటగాళ్ల సంఘంలో నన్ను చేర్పించింది ఆయనే. కార్మికులంతా అన్నదమ్ములని వంటింటి బల్ల గుద్ది నీమీద అరిచానే, అది ఆయనిచ్చిన కరపత్రాలు చదివే.

ఆసుపత్రికి వెళ్తే తిడతాడనుకున్నాను. "ఏడుపు మొహం ఆపరా, గోలు న్యాయమైనదే. ఇక ఆడలేనన్నారు, సరే. ముందు ఆ దువ్వెన తీసి నా తల దువ్వు. మా ఆవిడొచ్చే వేళయింది, ఈ వాలకం చూస్తే హడలిపోతుంది" అన్నాడు. దువ్వాను. పాపిడి వంకర పోయింది. "మనిషిని తిన్నగా గుద్దావు, పాపిడి తిన్నగా తియ్యలేవా?" అని నవ్వాడు. తిట్టినా బాగుండేది.

చెల్లి ఎడ్నాకి దగ్గు తగ్గిందా? ఊలు మేజోళ్లు పంపు. నాన్న ఆ ఫొటోని క్లబ్బులో చూపించకుండా ఆపు. పావురాల గూట్లో కింద పరిచెయ్యమను.

అందరినీ అడిగానని చెప్పు.
నీ క్లెమ్