నలభై అయిదుకే ఆరాం

సంయుక్త వాళ్ల నాన్నకు,

నల్లా ఆరింటికి వస్తుంది, పెద్ద డ్రమ్ము నింపండి. దోసకాయ పప్పు పొయ్యి పక్కన ఉంది. నేను ఆఫీసు అయ్యాక కవాడిగూడలో అమ్మను చూసి వస్తాను, ఆలస్యమవుతుంది.

మొన్న మీరు మా తమ్ముడితో చెప్పినదంతా వంటింట్లోకి వినిపించింది. "ఇంటర్నెట్ సెంటర్ల కంప్యూటర్ మీద లెక్క చూసిన. నలభై అయిదుకే నౌకరీ ఇడిసిపెట్టి ఆరాంగ కూసోవచ్చంట!" "మరి అక్క?" అని వాడు అడిగితే, "మీ అక్కకేంది, యాభై ఎనిమిది దాక చేస్తది" అన్నారు. మీరు స్కూటర్ మీద పోతారు, బస్సులో వేలాడేది నేను. ఆ సంగతి ఆ కంప్యూటర్ అడగలేదా? ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా చెప్పిందా?

నిన్న చిక్కడపల్లిలో బస్సు దిగి ఆ సెంటర్‌కే నేనూ పోయాను. మీ సిగరెట్లు, పెట్రోలు, దోస్తులకు తాగించే చాయ్‌లు, చివరికి మిమ్మల్ని కూడా ఖర్చులోంచి తీసేసి అడిగాను. నన్ను నలభైకే ఇంట్లో కూర్చోమంది. ఎంత మర్యాద తెలిసిన కంప్యూటరో!

అరుంధతి

మరిచిపోయాను. డ్రమ్ము నిండి ఉంటే మిమ్మల్ని మళ్లీ లెక్కలో కలుపుతాను.