దండెం మీద నా చీర

జూన్ 4
వీసా వచ్చే నెలాఖరుతో సరి. పొడిగించాలంటే భర్త సంతకం కావాలి. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నామని పోలీసులు వచ్చి చూసుకోవాలి. నేనేమో ఉగాది నుంచి రుద్రారంలో గది తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. పాపను నాకివ్వమని సంగారెడ్డి కోర్టులో వేసిన పిటిషన్‌లో ఆ మాటే రాయించాను. ఒక ఆఫీసుకు కలిసి ఉండాలి, ఇంకో ఆఫీసుకు విడిగా ఉండాలి. బాగుంది.

జూన్ 6
మలేషియా నుంచి అమ్మ ఫోన్. వచ్చేయమంటుంది. పాప ఇండియన్, నేను కాదు... వస్తే ఒక్కదాన్నే రావాలి అన్నాను. తర్వాత వానల గురించి మాట్లాడుకున్నాం.

జూన్ 9
మహేశ్ సంతకం పెట్టాడు. అడగ్గానే.

జూన్ 13
పటాన్‌చెరు నుంచి అత్తమ్మ ఫోన్. రేపు ఎంక్వయిరీకి వస్తారట. "పొద్దుగాల్నే రా బిడ్డా. ఒక చీర పిండి దండెం మీద ఎయ్యి. జెర తడి ఉంటెనే నమ్ముతరు." కొడుకుకూ నాకూ పడదని ఆమెకు తెలుసు. మనవరాలి తల్లి దేశం దాటకూడదు, అంతే ఆమెకు కావలసింది.

జూన్ 14
చీర పిండి ఆరేశాను. చెప్పులు గడప దగ్గర, బ్రష్ బాత్‌రూములో. కానిస్టేబుల్ చాయ్ తాగుతూ, "ఫారినర్ అన్నరు, మీరు తెలుగోళ్లే కదా" అన్నాడు. తాతల కాలంలో అక్కడికి పోయామని చెప్పాను. మహేశ్ ఫోటో తీశాడు — నన్నూ, కానిస్టేబుల్‌నూ, వెనక దండేన్నీ. వీసా ఫైలుకు కాబోలు అనుకున్నాను.

కానిస్టేబుల్ పోయాక చీర తీయబోతే పాప కొంగు పట్టుకుంది. "ఇంక తడిగనే ఉన్నదమ్మా. ఎండినంక తీస్కపో." ఎప్పుడో ఆరింది. వదిలేసి బస్సెక్కాను. రుద్రారం దాకా ఏడుపు ఆగలేదు.

జూన్ 21
వీసా ఇంకా తేలలేదు. ఆ ఫోటో మాత్రం కోర్టుకు చేరింది. భార్య ఇంట్లోనే ఉంది, ఇక పాపను అడగడమేంటని మహేశ్ వకీలు వాదన. సంతకం అంత తేలిగ్గా ఎందుకు పెట్టాడో అర్థమైంది. కోపం... నా మీద కూడా.

జూన్ 24
మా వకీలమ్మ: "రేపు జడ్జిగారు ఒక్కటే అడుగుతరు. ఆ ఇంట్ల ఉంటున్నరా, లేరా?" ఉంటున్నానంటే కేసు పోతుంది. లేనంటే వీసా పోతుంది, దాని వెనకే పాప. ఏది చెప్పాలో ఆమె చెప్పలేదు.

సాయంత్రం అత్తమ్మ ఫోన్. చీర ఇంకా దండెం మీదే ఉందట. పాప తీయనివ్వడం లేదట. పొద్దున లేవగానే చెంబుతో దాని మీద నీళ్ళు చల్లుతోందట.