ఏ గుంపు పాట ఆ గుంపుదే

సునీత బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న టీవీలో తిమింగలాలు పాడటం విన్నాను.

"ఏ గుంపు పాట ఆ గుంపుదే అమ్మా. నీళ్లల్ల మైకు దించి వింటే ఏ గుంపు ఎక్కడున్నదో ఎరుకయితది. అక్కడ ఓడలను మెల్లగ పొమ్మంటరు, అవి బతుకుతయ్," అంది మన బిడ్డ సునీత.

"గంత లోతుల చీకటే గదనే, లైటెట్ల మరి?" అన్నాను.

"ఇగ వాటి ఫికర్ గూడ నీకేనా!"

ఆ మధ్యాహ్నం కునుకులో మన బొగ్గుబాయి సముద్రమైంది. నువ్వు టోపీ లైటు వెలిగించుకుని, నీలి నీళ్లలో తేలుతూ పాడుతూ వస్తున్నావు.

మొదటి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు అందరివీ బొగ్గు మొహాలే. నువ్వు తీసే కూనిరాగం, దాని నడుమ నీ దగ్గు వినబడితేనే నీళ్లు కాగబెట్టేదాన్ని. ఆ రాగం ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. ఈ మధ్య పేర్లు మరిచిపోతున్నాను, అదీ పోతుందేమోనని ఒకటే గుబులు.

అందుకే ఇవాళ పొద్దున సునీత సెల్‌ఫోన్‌లో రికార్డు చేస్తుంటే పాడాను. నీ ముందు ఎన్నడూ పాడలేదు, సిగ్గు. సగంలో, నువ్వు దగ్గే చోట, ఆగిపోయాను.

సునీత ఫోన్ ఆపలేదు. నీలాగే చిన్నగా దగ్గి, తర్వాతి ముక్క తనే అందుకుంది.