మొక్కుకున్న కాలు

విశాఖపట్నం,
ఫిబ్రవరి 1968

అమ్మకి నమస్కరించి కొడుకు అప్పలసూరి రాసేది. ఇక్కడ నేనూ అయ్యా క్షేమం. ఆ ముక్క లేకపోతే మిగతాది వినవని రాశాను. అక్కడ నువ్వూ, చెల్లి నీలవేణీ, గేదే బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. చెల్లి దస్తూరీ బాగుపడింది. నా పని సంగతి అడిగావు. జనపనార మిల్లులో నా మగ్గం మీద ఇంకొకణ్ణి పెట్టారని కబురొచ్చింది. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అయ్య తిండి అడిగావు. ఆసుపత్రిలో అన్నం తగ్గించి గోధుమ రొట్టె ఇస్తున్నారు. "మన గేది కూడా ముట్టుకోదురా దీన్ని" అని తిడుతున్నాడు. తిట్టే ఓపిక మాత్రం ఉంది.

ఉత్తరం చివర ఊరికే రాయించినట్టు నీ సంగతి రాయించావు. పెరట్లో నువ్వు ఒంటికి వెళ్ళిన చోట చీమలు బారులు కడుతున్నాయనీ, అరికాళ్ళు దూది మీద నడిచినట్టుంటున్నాయనీ, వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమలకి కాపడం పెట్టుకుంటున్నావనీ.

అమ్మా, ఆ ఇటుక తీసి నూతిలో పారెయ్యి. అయ్యకీ ముందు చీమలే వచ్చాయి. తర్వాత దూది. అప్పుడు మనమూ ఇటుకే కాల్చాం. "వేడి సాల్లేదే, ఇంకా కాల్సు" అన్నాడు, నువ్వు కాల్చావు. తోలు ఊడి ఆకుకి అంటుకుపోయినా ఆయనకి తెలియలేదు. నీ తప్పని రాయడం లేదు, ఊరంతా చేసేదే. పుండు చూసిన గజపతినగరం కాంపౌండరు ఏమన్నాడు? "సక్కిరి జబ్బు షావుకార్లకొస్తాది గానీ గంజి తాగినోడికెందుకొస్తాదిరా" అని నవ్వి ఏదో పొడి చల్లి పంపేశాడు. ఆ నవ్వు గుర్తొస్తే నా చేతులు ఇప్పటికీ ఊరుకోవు.

ఇక్కడ కట్టు కట్టే నర్సమ్మ ఏసమ్మగారు. ఈ చక్కెర జబ్బుకి పాదం మొద్దుబారుతుందట. ముల్లు దిగినా నొప్పి తెలియదు కాబట్టి రోజూ కళ్ళతో చూసుకోవాలంది. పొద్దు ఉండగానే అరికాలు తిప్పి చూసుకో, నీకు చూపు ఆనకపోతే చెల్లి చూస్తుంది. వేళ్ళ సందులు కడిగి పొడిగుడ్డతో తుడుచుకో. నీళ్ళ వేడి కాలితో కాదు, మోచేత్తో చూడు. ఆనెకాయల్ని బ్లేడుతో కోయకు. చెప్పులు లేకుండా గడప దాటకు.

"ఇయ్యన్నీ ముందే సెప్పలేరేటమ్మా" అని ఆవిడ మీద కేకలేశాను.

"ముందెవులొస్తారు నాయనా? అందరూ కోయించుకోడానికే వస్తారు" అంది.

ఆడది చెప్పులేసుకుని పెద్దల ముందు వీధిలో నడుస్తుందా అంటావు. తెలుసు. పైగా అయ్య కుడికాలు నయమవ్వాలని, శివరాత్రికి వట్టికాళ్ళతో రామతీర్థం నడిచి వస్తానని మొక్కుకున్నావు.

నీలవేణీ, ఇక్కణ్ణించి ఒక్క ముక్క మింగకుండా అమ్మకి చదువు.

అమ్మా, ఆ కాలు లేదు. పుండు ఆరుతోందని కిందటి ఉత్తరంలో రాసింది అబద్ధం. అప్పటికే మోకాలి కింద తీసేశారు. ఎలా చెప్పాలో తెలియక అలా రాశాను. ఇప్పుడు ఎడమకాలి బొటనవేలు నల్లబడుతోంది. డాక్టరు నాతో చెప్పడు, పక్కనున్న కుర్ర డాక్టరుతో ఇంగ్లీషులో చెబుతాడు. గోడమీద కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, ఆ ముక్కలు నాకు అందవు. వాళ్ళ మొహాలు అందాయి.

లేని కాలి కోసం ఉన్న కాళ్ళు పోగొట్టుకోకు. రేపే గజపతినగరం ఆసుపత్రికి వెళ్ళి మూత్రం పరీక్ష చేయించుకో. నవ్వితే నవ్వనీ, చేసేదాకా అక్కడే కూచో.

మన ఊరి నరసింగరావు చేత అయ్య చెప్పులు పంపుతున్నాను. పెళ్ళిళ్ళకని కొనుక్కుని, నాయుళ్ళ వీధిలో చేత్తో పట్టుకు నడిచినవి. అట్ట అరగనే లేదు. నీకు వదులవుతాయి, గుడ్డపీలికతో కట్టుకో. వేసుకోవని అనుకుంటూనే పంపుతున్నాను.

మూట కడుతూ, "ఎడమది నీకు ఉంచనా అయ్యా" అని అడిగాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రెండూ అంపీరా. ఒంటిసెప్పు అదేటి సేసుకుంటాది. నాకింక ఒకటీ అక్కర్లేదు" అన్నాడు.

ఇట్లు,
నీ మాట వినని కొడుకు, నా మాట వినమని అడుగుతూ,
అప్పలసూరి