కిటికీ అవతల నుంచి

భానూ,

ఫోనులో అయితే వాదనకు దిగుతావు, అందుకే ఉత్తరం వేస్తున్నాను. నెలాఖరు ఆదివారం మా వృద్ధాశ్రమానికి రా. కానీ లోపలికి రాకు.

నా గదిలో ఉండే సుక్రికి కోవిడ్ అని తేలి వేరే గదికి మార్చారు. అది తేలకముందే, పోయిన వారం, కొయ్యూరు నుంచి ఆమె కూతురు కనక మా గదికి వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగి, చుట్ట వెలిగించి, తను రెండు దమ్ములు పీల్చి, ఎప్పటిలాగే తల్లి నోట్లో పెట్టింది.

"మాస్కు గడ్డానికా కట్టుకునేది?" అని కసిరాను.

"మాయమ్మకి నా సుట్ట కొత్తేటి, టీచరమ్మా?" అని నవ్వింది. సుక్రీ నవ్వింది.

ఇప్పుడు కనకకూ జ్వరం. రోజూ నాకు ఫోను చేసి, "మాయమ్మ తిన్నదా?" అని అడుగుతోంది. తిన్నదనే చెబుతున్నాను. నిజానికి నాకు తెలియదు. ఆ గది వైపు మమ్మల్ని పోనివ్వరు.

నా పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. గొంతు కొంచెం గరగరగా ఉంది, చలికే అయి ఉంటుంది. మీ అమ్మకు చెప్పకు. ఫలితం చెడ్డదైతే కబురు చేస్తాను, అప్పుడు అసలు బయలుదేరకు.

నీకు ఏ కాస్త జలుబున్నా బస్సెక్కవద్దు. తెచ్చిన పండ్లు గేటు దగ్గర ఇచ్చేసి, తోట వైపు కిటికీకి అవతలే నిలబడు. మాస్కు ముక్కు మీద ఉండాలి. నీ ముఖం చూసి చాలా నెలలైంది. ఒక్కసారి తియ్యవే అని నేనే బతిమాలవచ్చు. తీయకు.

మీ అమ్మమ్మ