ఎవర్ని చూసి నవ్వినట్టు?

ఇబ్రహీంపట్నం, జూన్ 3

గౌరవనీయులైన ఆర్టిస్టు రత్తయ్య గారికి,

సాయిగణేష్ నమస్కరించి వ్రాయునది. మా పెళ్లయి రెండేళ్లయిన సందర్భంగా మీరు వేసిన మా ఆవిడ సింధూరి బొమ్మ జాన్సన్ ఆటోలో క్షేమంగా చేరింది. లారీల వెనక మీ నెమళ్లు చూసి, వేయిస్తే మీతోనే వేయించాలని పట్టుబట్టింది నేనే. చీర అంచు, గాజులు, పేము కుర్చీ అన్నీ బ్రహ్మాండం. ఒక్కటే సందేహం. బొమ్మలో తను నవ్వుతోంది. రెండేళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు. ఇంట్లో మామూలు నవ్వొకటుంది, చుట్టాలొచ్చినప్పటి నవ్వొకటుంది, ఇది మూడోది. ఎవర్ని చూసి నవ్వినట్టు? వేరేగా అనుకోకండి, నాకు అనుమానాల్లాంటివి లేవు. కాకపోతే బొమ్మ జాన్సన్ చేతే వెనక్కి పంపుతున్నాను, పెదాలు మూసి పంపండి.

ఇట్లు,
సాయిగణేష్

తా.క.: ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఎవరిది? మా ఆవిడకు లేదు. టార్చిలైటు వేసి మరీ చూశాను.

ఆటోనగర్, జూన్ 8

చిరంజీవి సాయిగణేష్ బాబుకు,

రత్తయ్య ఆశీస్సులు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి మంచి పని చేశారు. నాకు కాస్త చెవుడు. ఫోన్లో మాట్లాడుకుంటే మీ సంసారం ఇక్కడ రేకులు కొట్టేవాళ్లందరికీ వినబడుతుంది. పెదాలు మూశాను.

మీ ఉత్తరం చదివితే, వయసులో నేను తెరల మీద బొమ్మలు వేసిపెట్టిన నాటక సమాజం గుర్తొచ్చింది. అందులో రాజు వేషం కట్టే ఆయనకు, రాణిని అనుమానించే ఘట్టమంటే ప్రాణం. రాణి వేషం సొంత భార్యదే. ఆవిడ పద్యం ఎత్తుకుంటే ఈయన హార్మోనియం వాయించేవాణ్ణి చూసి పళ్లు నూరేవాడు. జనం అదంతా నటన అనుకుని వన్స్‌మోర్లు కొట్టేవాళ్లు. ఆఖరికి ఆవిడ కిరీటాల పెట్టె తాళాలు ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది, సమాజం మూతపడింది. పాపం, ఆ హార్మోనియం ఆయనకు చూపానదు. రాణి ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. నాటకంలో రాజుకు అనుమానం రాకపోతే రెండో అంకం ఉండదు బాబూ. ఇంట్లో రెండో అంకం అక్కర్లేదు.

మీ క్షేమం కోరే,
రత్తయ్య

తా.క.: అది పుట్టుమచ్చ కాదు, దిష్టిచుక్క. లారీకి నిమ్మకాయ, బొమ్మకు చుక్క, మా లైన్లో అలవాటు. తీసేయమంటే తీసేస్తాను. తర్వాత నన్ననకండి.

ఇబ్రహీంపట్నం, జూన్ 12

రత్తయ్య గారికి నమస్కారం.

మీ రాజు కథ బాగుంది కానీ నాకు వర్తించదు. మా ఇంట్లో హార్మోనియం లేదు. పెదాలు మూశారు, సరే. ఇప్పుడు కళ్లు నవ్వుతున్నాయి. నోరు మూసుకుని నవ్వడం ఇంకా ప్రమాదం. పైగా ఆ కళ్లు మీ షెడ్డు గుమ్మం బయటికి చూస్తున్నాయి. తను బొమ్మకు కూర్చున్న ఆ రెండు ఆదివారాలూ గుమ్మం బయట ఎవరైనా ఉన్నారా? ఒక్క మాటలో చెప్పండి. నాటకాలొద్దు. కళ్లు దించి పంపండి.

ఇట్లు,
సాయిగణేష్

తా.క.: పోలిక చూద్దామని సింధూరిని బొమ్మ పక్కన నిలబెట్టి నవ్వమన్నాను. "మీకేమన్నా ఎండదెబ్బ తగిలిందాండీ?" అంది. నవ్వలేదు.

ఆటోనగర్, జూన్ 17

చిరంజీవి సాయిగణేష్ బాబుకు,

ఒక్క మాటలో: ఉన్నాడు. మా షెడ్డుకెదురుగా సంపూర్ణమ్మ టీ బడ్డీ ఉంది. అక్కడ ఒకాయన నించునేవాడు. ఆయన్ని చూసే అమ్మాయి నవ్వింది. ఆయనెవరో చెప్పేముందు ఆ బడ్డీ సంగతి కొంత మీకు తెలియాలి. సంపూర్ణమ్మ అల్లం దంచేది పాత గేరు చక్రంతో. ఆ గేరు ఒక లారీలోది. ఆ లారీ వెనక నేను జంట హంసలు వేస్తే, మగ హంసకు క్లీనరు పోలికలొచ్చాయని ఓనరు ఇంట్లో భార్యతో గొడవ పెట్టుకున్నాడు. హంసకు పోలికలేమిటయ్యా అంటే వినలేదు, బండినే తుక్కుకి అమ్మేశాడు. ఆ గేరుతో దంచిన అల్లం ఘాటు ఎలా ఉంటుందంటే... కాగితం అయిపోయింది. మిగతాది వచ్చే ఉత్తరంలో.

రత్తయ్య

తా.క.: కళ్లు దించాను. బొమ్మ తెచ్చి తీసుకెళ్లే జాన్సన్ అడుగుతున్నాడు: "ఆ అమ్మగారికి ఒంట్లో బాగోలేదా? ట్రిప్పు ట్రిప్పుకీ చిక్కిపోతున్నారు."

ఇబ్రహీంపట్నం, జూన్ 22

రత్తయ్యగారూ,

ఎవడండీ వాడు? రెండు ఆదివారాలూ సింధూరిని మీ దగ్గర దింపి, రంగుల వాసన పడక ఆ బడ్డీ దగ్గరే నించున్నాను. నేను తప్ప ఇంకో పురుగు లేదు. నా పక్కనే నించుని నాకే కనబడలేదంటే వాడెంత గడుసువాడై ఉండాలి! ఇక లాభం లేదని సింధూరినే అడిగేశాను, "టీ బడ్డీ దగ్గర ఎవర్ని చూసి నవ్వావ్?" అని. "వెళ్లి అద్దంలో చూసుకోండి" అంది. మధ్యలో అద్దం సంగతెందుకండీ? మంగళవారం గుడివాడ, వాళ్లమ్మగారింటికి వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు.

బొమ్మ వెనక్కి పంపుతున్నాను. మనిషిని మొత్తం తుడిచేయండి. కుర్చీ చాలు.

సాయిగణేష్

తా.క.: ఆ మూడో నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు. మీకు గుర్తుందా?

ఆటోనగర్, జూన్ 27

చిరంజీవి సాయిగణేష్ బాబుకు,

ఈసారి కాగితం అయిపోకముందే చెప్తున్నాను. ఆ ఒకాయన మీరే.

ఎర్ర హెల్మెట్. మా దుమ్ముకు క్రాపు పాడవుతుందని తియ్యలేదట. అద్దం పైకెత్తి టీ తాగబోయారు. అద్దం జారి గ్లాసు మీద పడింది, టీ చొక్కా మీద పడింది. మీరు అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదనుకుని తుడుచుకున్నారు. అమ్మాయి చూసింది. "మా ఆయనండీ. వచ్చే వారమూ ఇలాగే చేస్తారు, చూస్తూ ఉండండి" అంది. చేశారు. నేను వేసింది ఆ నవ్వే. మీ ఎదుట నవ్వితే నొచ్చుకుంటారని ఇంట్లో ఆపుకుంటుందట.

ఇది మొదటి ఉత్తరంలోనే రాయాల్సిన మాట. అసలు సంగతి ఆఖరికి దాచుకోవడం కథలు చెప్పేవాడి జబ్బు. మీ అనుమానం సగం తుడిచింది, నా ఆలస్యం మిగతా సగం తుడిచింది. మీరన్నట్టే కుర్చీ ఒక్కటే మిగిల్చాను.

నిన్న అమ్మాయి గుడివాడ నుంచి వచ్చింది. ఆ ఖాళీ కుర్చీ ముందు చాలాసేపు నించుంది. మళ్లీ వేస్తాను తల్లీ, కూర్చో అన్నాను. "నన్నొద్దు రత్తయ్యగారూ. తుడిపించినాయన్నే అందులో కూర్చోబెట్టండి" అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "హెల్మెట్‌తో" అంది.

ఆదివారం పదింటికల్లా వచ్చేయండి. రంగుల వాసన భరించాల్సిందే.

అపరాధి,
రత్తయ్య

తా.క.: ఆ పూట సంపూర్ణమ్మ బడ్డీ దగ్గర నించునేది తనట. అటు చూసి మీకు నవ్వొస్తే హెల్మెట్ అద్దం పైకెత్తండి, ఆ నవ్వు బొమ్మలో వేసేస్తాను. ఎవర్ని చూసి నవ్వారని నేనడగను.