ఎమీల్‌కి నేను వేసిన డి

ఆగస్టు 26
ఎమీల్ బ్రుసార్ నా లెక్కల క్లాసులో ముందు వరసలో కూర్చున్నాడు. అంత మనిషీ ఆ కుర్చీలో పట్టలేదు.

మాది క్యాథలిక్ యూనివర్సిటీ, ఫుట్‌బాల్ ఆడే కుర్రాణ్ణి మా దగ్గర చేరమని అడగడానికి కోచ్ ఒక్కడే వెళ్ళడు. ఒక ఫాదర్‌నీ, ఒక టీచర్‌నీ వెంటబెట్టుకెళ్తాడు. జనవరిలో లూసియానాలో ఎమీల్ వాళ్ళింటికి వెళ్ళిన టీచర్ని నేనే. పిల్లాడి మార్కులు మేం అడిగేదానికి తక్కువే, అయినా ఆట కోసం చేర్చుకుంటామన్నాం. వాళ్ళమ్మ ఓడీల్ గంబో పులుసు వడ్డిస్తూ, రేపు మోకాలు విరిగితే నా బిడ్డ గతేంటని అడిగింది. ఆడినా ఆడకపోయినా డిగ్రీ చేతిలో పెట్టే పంపిస్తాం తల్లీ అన్నారు మా ప్రెసిడెంటు ఫాదర్ కీలీ. ఆమె నావైపు చూసింది. నేనూ తలూపాను.

సెప్టెంబర్ 30
అసిస్టెంట్ కోచ్ వచ్చి, పిల్లాడు బాగా ఆడుతున్నాడు, కాస్త చూసీ చూడనట్టు పోండి మేడమ్ అని నసిగాడు. చడామడా తిట్టి పంపించాను. ఎమీల్‌కి చెప్తే నవ్వాడు. ఊరికే మార్కులెయ్యకండి మేడమ్, నేను మా అమ్మకి మొహం చూపించాలి అన్నాడు.

అక్టోబర్ 15
మిడ్‌టర్మ్ పరీక్ష. ఎమీల్‌కి డి గ్రేడు. చేతులు రాలేదు, అయినా వేశాను. ఫాదర్ కీలీ ఎదురుపడి, మీలాంటి వాళ్ళుండబట్టే మన పరువు నిలబడుతోందన్నారు. పొంగిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

అక్టోబర్ 25
ఆటలో ఎమీల్ మోకాలు పోయింది. ఇక ఆడలేడట.

నవంబర్ 12, మధ్యాహ్నం
కమిటీ మీటింగు. ఫాదర్ ప్రార్థనతో మొదలుపెట్టారు. తర్వాత నేను వేసిన డి సంగతి ఎత్తారు. ప్రత్యేకంగా చేర్చుకున్నవాళ్ళకి సి కంటే తగ్గితే పంపించెయ్యాలని రూలుందట. చదువు ప్రమాణాలట. మరి జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌నీ అలాగే చేర్చుకున్నాం, నా క్లాసులోనే ఎఫ్ తెచ్చుకున్నాడు, వాడి మాటేమిటన్నాను. అతనిలో ప్రోగ్రెస్ కనిపిస్తోందన్నారు. శనివారం ఆట ఉంది, అదీ ప్రోగ్రెస్.

ఆ తల్లికిచ్చిన మాటో అన్నాను. అప్పటి పరిస్థితి వేరన్నారు, నవ్వుతూనే. ఎమీల్ పేరు తీసేశారు. నా నిజాయితీతోనే వాడి గొంతు కోశారు. ఇంత మోసం ఎవరూ చెయ్యలేదు నన్ను.

నవంబర్ 14
ఓడీల్ ఫోన్. తిడుతుందనుకున్నాను. ఆయన మా ఇంట్లో అన్నం తిని చెప్పాడు గదమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు గదా అంది.

డిసెంబర్ 3
కోచ్ ఫోన్ చేశాడు. ఒహాయోలో ఇంకో కుర్రాడట. వాళ్ళమ్మకి భక్తెక్కువ, ఫాదర్‌తో పాటు మీరూ వస్తే నమ్ముతుందన్నాడు. వస్తాను, వచ్చి మీవాణ్ణి పంపకమ్మా అని చెప్తాను, సరేనా అన్నాను. పెట్టేశాడు.

డిసెంబర్ 15
ఎమీల్ చంకకర్రల మీద వచ్చాడు. మోకాలి వైద్యం ముగిసింది, రేపు ఊరికెళ్తున్నాడట. ఫైనల్ పరీక్ష రాస్తానన్నాడు. నీ పేరు తీసేశారు కదరా, ఎందుకన్నాను. నాకు వచ్చిందో లేదో తెలియాలి కదా మేడమ్ అన్నాడు.

రాయించి దిద్దాను, బి వచ్చింది. ఎక్కిద్దామంటే కంప్యూటర్‌లో వాడి పేరే లేదు.